జరిగి జాగ ఇవ్వని పెద్దమనిషి

మేడ్చల్ బస్టాండులో కంట్రోలర్‌గా ఉన్నన్నాళ్లూ నా బల్ల మీద రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి బస్సుల రాకపోకలు రాసేది. రెండోది ఫిర్యాదుల పుస్తకం. ఎవరూ ఎత్తుకుపోకుండా దాన్ని దారంతో బల్ల కాలికి కట్టేవాళ్లం. ప్రయాణికులు కోపంగా వచ్చి అందులో రాసి పోయేవారు. కింద జవాబు రాయడం నా పని. దానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను: ముందు రాకపోకల పుస్తకం తెరవాలి, తర్వాత సంబంధించిన మనిషిని అడగాలి, ఆ తర్వాతే కలం పట్టాలి. బస్సు రాలేదని ఎవరైనా రాస్తే, చూడకుండా "వచ్చింది" అని ఎప్పుడూ రాయలేదు. కొలువు ఉన్నన్నాళ్లూ ఆ పద్ధతి తప్పలేదు. రిటైరయ్యాక ఒక్కసారి తప్పాను.

డైరీ రాయడం నాకు కొలువు కంటే ముందటి అలవాటు. పాలు ఎన్నింటికి వచ్చాయి, వాన పడిందా, ఏం కూర, ఎవరు వచ్చారు, ఎవరు ఏమన్నారు, అన్నీ ఉంటాయి. జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకుని అప్పటికప్పుడు గీకుతాను, సాయంత్రం పెద్ద డైరీలోకి ఎక్కిస్తాను. మా ఆవిడకు ఈ అలవాటు మీద పెద్ద గౌరవం లేదు.

"నేను ఏమన్ననో తారీఖుతోని జెప్తడు," అంటుంది చుట్టాలతో. "ఎందుకన్ననో మాత్రం ఏడ రాస్కోడు."

రిటైరయ్యాక కొత్త ఫోను వచ్చింది. ఒకరోజు కీసరకు దారి చూద్దామని మ్యాపు తెరిచాను. ప్రతి చోటు కిందా చూసి వెళ్లినవాళ్లు రాసిన మాటలు కనబడ్డాయి. ఏ భాషలో రాసినా ఫోనే తెలుగు చేసి చూపిస్తోంది. చార్మినార్ కింద ఒకాయన "ఫొటోలో పెద్దగా ఉంటుంది, దగ్గరికి వస్తే చిన్నగా ఉంది" అని రాశాడు. గోల్కొండ కింద ఒకామె "మెట్లు చాలా ఎక్కువ, లిఫ్టు లేదు" అంది. జంతువుల పార్కు కింద ఇంకొకరు "పులి నిద్రపోతోంది, మా డబ్బు వృథా" అని వాపోయారు. కిందికి జరిపి చూస్తే ఎక్కడా జవాబు లేదు. అంత పెద్ద ఫిర్యాదుల పుస్తకానికి కంట్రోలరే లేడు!

మర్నాటి నుంచి టిఫిను తర్వాత ఒక గంట ఆ పనికి కేటాయించాను. గోల్కొండ మెట్లామెకు, ఆ కోట శత్రువులు సులువుగా ఎక్కకూడదని కట్టింది కాబట్టి మెట్ల విషయంలో ఆమె బాధ కట్టినవాళ్లకు సంతోషమే కలిగిస్తుందని రాశాను. పులి గురించి రాసినాయన్ను మీరు వెళ్లిన వేళ ఎంత అని అడిగాను. మధ్యాహ్నం అన్నాడు. మధ్యాహ్నం నేనూ పడుకుంటాను, నన్ను చూడటానికి వచ్చినవాళ్లు కూడా నిరాశపడతారు అని జవాబిచ్చాను. హుస్సేన్ సాగర్ దగ్గర వాసన అన్నవాళ్లకు "నిజమే" అని ఒక్కమాట రాసి ఊరుకున్నాను. ఉన్నది లేదనడం నా పద్ధతి కాదు.

ఐదుగురిని దారి అడిగితే ఐదు దార్లు చెప్పారని ఒకాయన రాశాడు. అయ్యా, ఆ ఐదు దార్లూ ఉన్నాయి, వచ్చినవాణ్ణి తెలియదని చెప్పి పంపడం మాకు మర్యాద కాదు, అందుకని కొంచెం తెలిసినవాడు కూడా పూర్తిగా చెబుతాడు అని వివరించాను.

"షహర్ మొత్తం నీ పేరు మీద పట్టా జేసిన్రా ఏందయ్యా?" అని మా ఆవిడ అడిగింది.

అన్నిటికంటే నన్ను నొప్పించిన ఫిర్యాదు ఒకటుంది. చోటు మారినా మాట మారేది కాదు: "ఇక్కడివాళ్లు పరాయివాళ్లను పట్టించుకోరు." దానికి ఒక జవాబు తయారుచేసి పెట్టుకున్నాను. అది ఎక్కడ కనబడితే అక్కడ అతికించేవాణ్ణి: "హైదరాబాదు చుట్టుపట్ల, వచ్చినవాడికి జరిగి జాగ ఇవ్వని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ముగ్గురి సీటులో నలుగురం కూర్చుంటాం. ఐదోవాడు వస్తే అతని సంచి ఒళ్లో పెట్టుకుంటాం."

ఇది ఎన్నిసార్లు అతికించానో డైరీలో ఉంది. ఇక్కడ చెప్పను.

ఆదివారం ఆదివారం నేను బస్సెక్కి శామీర్‌పేట్ చెరువు కట్టకు పోతాను. ఆ చెరువు కింద కూడా మ్యాపులో ఒకాయన "నీళ్లు తప్ప ఏమీ లేవు" అని రాశాడు. "చెరువు కదా" అని జవాబిచ్చాను. కట్ట దిగే చోట ఒకామె చేపలు వేయించి అమ్ముతుంది. భర్త చెరువులో వల వేస్తాడు, ఆమె పొయ్యి చూసుకుంటుంది, కోడలు జొన్నరొట్టెలు చేస్తుంది. ఆమె నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. ఈ వరస బస్టాండు నాటిది. చేపల గంప పైకెక్కించనని డ్రైవరు అంటే, ఎక్కించమని చెప్పినవాణ్ణి నేనే.

వాళ్ల ఇంట్లో ఆమె అత్త కాలం నుంచి వస్తున్న పద్ధతి ఒకటుంది. వానాకాలంలో చెరువులో చేపపిల్లలు వదిలాక కొన్నాళ్లు వలలు దింపరు. చలి మొదలయ్యాక ఒక మంచిరోజు చూసి మొదటి వల వేస్తారు. ఆ రోజు పడ్డ చేప అమ్మరు. కట్ట మీదున్న అమ్మవారు మైసమ్మకు ముందు పెట్టి, మిగిలింది పెద్ద పెనం మీద వేయించి, ఆ వేళకు కట్ట మీద ఉన్నవాళ్లందరికీ పెడతారు. ఇందులో ఇంకో కట్టుబాటు ఉంది. పెట్టేవాళ్లు ఎవరినీ పిలవకూడదు. పిలిస్తే అది వాళ్లింటి విందు అవుతుంది, మైసమ్మది కాదు. వచ్చినవాళ్లు తామే చాప మీద వరుసలో కూర్చోవాలి. కొత్తవాళ్లు వచ్చి నిలబడితే, వరుసలో అందరికంటే చివర ఉన్నవాడు ఇంకా అవతలికి జరిగి, తన పక్కన లోపలివైపు జాగ చూపించాలి. అంతే, విస్తరి దానంతటదే వస్తుంది. అలా చివర ఉన్నవాడు జరుగుతూనే ఉంటాడు, వరుస పెరుగుతూ ఉంటుంది.

పోయిన చలికాలం, మొదటి వల అయిన కొన్ని వారాలకు, ఒక ఆదివారం నేను వెళ్లేసరికి పొయ్యి రాజేసి లేదు. ఆమె పెనం బోర్లించి దాని పక్కన కూర్చుంది.

"అన్నా, నువ్వు ఫోన్ల అందరికి జవాబులు రాస్తవంట గదా. గిదేందో జర సూడు," అంది.

కోడలు ఫోను తెచ్చి చదివింది. ఎవరో ఇద్దరు, భార్యాభర్తలు, హైదరాబాదు చూడటానికి దూరం నుంచి వచ్చినవాళ్లు రాశారు. పెనం నిండా చేపలు ఉన్నాయి, అడిగితే ఈరోజు అమ్మనంది, కళ్ల ముందే ఊరివాళ్లు వరుసగా కూర్చుని తింటున్నారు, ఆకలితో నిలబడి నిలబడి వెళ్లిపోయాం, ఈ నగరంలో తమవాళ్లకు తప్ప పరాయివాళ్లకు పెట్టరు. ఇదీ సారాంశం. ఇంకా ఉంది గానీ అక్కడికి వచ్చేసరికి ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఇగ సాలు," అంది. "ఐదుల ఒక్క స్టారే ఇచ్చిన్రట. గది పోతే పోనియ్యి. ఆకలికి వచ్చినోళ్లను ఎల్లగొట్టిన అని రాసిన్రు సూడు, గది నాకు ముల్లు లెక్క గుచ్చుకున్నది. మా అత్త ఉన్నన్నాళ్లు గా పెనం కాడికెల్లి ఒక్కలు గూడ ఉత్త చేతులతోని పోలె."

"నువ్వు అమ్మనన్నవా మరి?"

"అమ్ముడు లేదన్న. మొదటి వలనాడు ఏమంట మరి? నేను పిలువద్దు. చివరున్నోడు సూస్కుంటడనుకున్న. మైసమ్మ కాడ దీపం సూడనీకె అటు పోయిన. వచ్చి సూస్తే ఆళ్లు లేరు." బోర్లించిన పెనాన్ని ఇంకొంచెం అవతలికి నెట్టి, "వచ్చేయేడు గా పెనం పెట్టనే పెట్ట. అమ్మకు ఇంట్లనే ఇంత వండి పెట్టి దండం పెట్టుకుంట. ఎవ్వలతోని మాట పడేది లేదు," అంది.

కోడలు నా వైపు చూసింది. ఆ పిల్ల రొట్టెల పిండి చేతులతోనే నిలబడి ఉంది. అత్త ఒకసారి అన్నదంటే అన్నట్టేనని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"పరేషాన్ కాకు చెల్లె," అన్నాను. "ఇయ్యాలనే జవాబు రాస్త. ఆళ్లే తప్పయిందని రాస్తరు సూడు."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోనులోనే రాయడం మొదలుపెట్టాను. డైరీ ఇంట్లో ఉంది. రాకపోకల పుస్తకం తెరవకుండా, మనిషిని అడగకుండా కలం పట్టడం అంటే ఇదే. కానీ ఆవేశం వచ్చింది, బస్సు కూడా ఖాళీగా ఉంది. మొదటి వల పద్ధతి అంతా వివరించాను. చివరికి ఇలా ముగించాను: "మీరు రాసినట్టు జరగడానికి వీల్లేదు. ఏటా ఆ వరుసలో నేనూ కూర్చుంటాను. చివర ఉన్నవాడు జరిగి జాగ ఇవ్వడం మా పద్ధతి. ఇవ్వని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు." మేడ్చల్ రాకముందే పంపేశాను. దిగేటప్పుడు కండక్టరుకు కొంచెం ఎక్కువగానే నవ్వి ఉంటాను.

మర్నాడు టిఫిను వేళకు వాళ్ల జవాబు వచ్చింది. పెద్దగా చదివాను, మా ఆవిడ కూడా వినాలని.

"అయ్యా, పద్ధతి చెప్పినందుకు కృతజ్ఞతలు. మాకు అది తెలియదు. మేము వచ్చినరోజు వరుస చివర ఒక పెద్దమనిషి ఉన్నారు. గోధుమరంగు మఫ్లరు. తింటూ తింటూ ఎడమచేత్తో చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. మేము ఆయన పక్కనే చాలాసేపు నిలబడ్డాం. ఒకసారి మమ్మల్ని చూశారు. మళ్లీ రాసుకున్నారు. ఆయన మీకు తెలుసా?"

మా ఆవిడ దోసె తిప్పడం ఆపి, తలుపు వెనక కొక్కెం వైపు చూసింది. మఫ్లరు అక్కడే వేలాడుతోంది.

"నాకైతే ఎర్కె అని రాయి," అంది.

లేచి వెళ్లి పెద్ద డైరీ తీశాను. ఆ రోజు పేజీ నా చేతిరాతలో, ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది: "ఉదయం చలి. మొదటి వల. చేప మెత్తగా ఉంది, ముల్లు తక్కువ. వరుసలో చివరి చోటు దొరికింది, ఎండ సరిగ్గా వీపు మీద పడి హాయిగా ఉంది. ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు, నల్ల కళ్లద్దాలు. కాసేపు నిలబడి వెళ్లిపోయారు."

ఎందుకు వెళ్లిపోయారో రాయలేదు. అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడు ఆ పేజీ చూస్తే అంతా గుర్తొచ్చింది. నా ఎడమపక్క రేకుల పందిరి నీడ. అటు నాలుగు వేళ్లు జరిగితే వీపు మీది ఎండ పోతుంది. జరగాలని తెలుసు. ఈ వాక్యం పూర్తిచేసి జరుగుదాం అనుకున్నాను. వాక్యం అయ్యేసరికి వాళ్లు కట్ట ఎక్కుతున్నారు. సరేలే, చెరువు చూడటానికి వచ్చి ఉంటారు అనుకుని చేప ముల్లు తీసుకున్నాను.

పదిమందికి జవాబు రాసినవాడు తన డైరీలోనే ముద్దాయిగా దొరికాడు.

ఆదివారం దాకా ఆగలేకపోయాను. ఆ మధ్యాహ్నమే శామీర్‌పేట్ బస్సెక్కాను. ఆమె వల అంచులు చూసుకుంటూ కూర్చుంది. డైరీ పేజీ చదివి వినిపించి, ఎండ కోసం నాలుగు వేళ్లు జరగని సంగతీ చెప్పాను. వింటూ వింటూ ఆమె చేతులు ఆగిపోయాయి.

"చివరున్నోడు నువ్వా?"

"నేనే."

"నువ్వా అన్నా!" ఆమె ముఖం కొంచెంసేపు ఎటూ కాకుండా ఉండి, తర్వాత నవ్వులోకి తిరిగింది. "ఓ పిల్లా, ఇటు రా, ఇను గీ ముచ్చట! చార్మినార్ కాడికెల్లి గోల్కొండ దాంక అందరికి జాగ ఇస్తమని ఫోన్ల రాసెటాయన, ఈడ నాలుగు వేళ్లు జరగలేదంట! ఎండ కోసమంట!"

కోడలు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్లిద్దరూ నవ్వడం చాలాసేపు సాగింది. మందలింపయితే ఇంత సేపు పట్టేది కాదు.

"తప్పు నాది. పెనం మీద కోపం సూపకు చెల్లె," అన్నాను. "ఆళ్లకు వివరంగ రాస్త. మూడు పేజీలు తయారు జేసిన."

"నీ మూడు పేజీలు సల్లగుండ! మూడు పేజీల మాట మైసమ్మ గూడ వినది. తప్పు నాదని రాయి. మళ్ల రమ్మని రాయి. గంతే."

ఆమె ముందే కూర్చుని రాశాను. రాసింది చదివి వినిపించాక గానీ పంపనివ్వలేదు. "ఆ పెద్దమనిషిని నేనే. జరగాల్సింది నేను. ఎండ బాగుందని జరగలేదు. ఆమె మిమ్మల్ని వెళ్లగొట్టలేదు. వచ్చే చలికాలం మొదటి వలకు రండి, జాగ ఉంచుతాను."

రెండు రోజుల తర్వాత ఒక్క స్టారు మూడయింది. కింద ఒక వాక్యం: "పెద్దమనిషి ఒప్పుకున్నారు. చేప ఇంకా తినలేదు." ఫోను తీసుకెళ్లి చూపించాను.

"మొత్తం ఎన్నుంటయి?" అని అడిగింది ఆమె.

"ఐదు."

"మిగిలిన రెండు తిన్నంక ఇస్తరు తియ్యి. తినకముందే ఐదు ఇచ్చెటోళ్ల మాట నేను నమ్మ."

"పెనం మరి?"

"సూద్దాం," అంది. వానాకాలమంతా ఆ "సూద్దాం" నా డైరీలో అక్కడక్కడా కనబడుతుంది. నేను కూడా ఆ ఏడాది ఫోనులో జవాబులు తగ్గించాను. రాసేముందు అవతలివాళ్లను ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాను: మీరు వెళ్లినప్పుడు పక్కన ఎవరున్నారు?

ఈ చలికాలం మొదటి వల రోజున మొదటి బస్సుకే వెళ్లాను. కట్ట దిగకముందే పొగ కనబడింది. దగ్గరికి పోతే పొయ్యి మీద పెద్ద పెనం ఉంది. ఆమె నన్ను చూసి కూడా చూడనట్టు చేపలకు కారం పట్టిస్తోంది. వెళ్లి వరుస చివర కూర్చున్నాను. పుస్తకం జేబులోంచి తీయలేదు.

ఆ భార్యాభర్తలు రాలేదు. ప్రయాణం కుదరలేదని ముందే రాశారు. కానీ కట్ట మీద జనం మామూలు కంటే ఎక్కువ ఉన్నారు. ముందు ఊళ్లోని వలల దారం అమ్మే ఆయన వచ్చి, "సర్కో చాచా," అంటూ నేను జరిగేలోపే నన్ను జరిపి కూర్చున్నాడు. తర్వాత సైకిళ్ల మీద వచ్చిన ఇద్దరు. జరిగాను. ఆ తర్వాత రాజమండ్రి నుంచి వచ్చిన ఒక కుటుంబం కట్ట దిగి, పెనం వైపు చూడకుండా నా వైపు చూస్తూ నిలబడింది.

"కూసోండ్రి, కూసోండ్రి," అన్నాను, జరుగుతూ.

వాళ్లలో పెద్దావిడ కూర్చోకుండా నా మెడ వైపు పరీక్షగా చూసింది. "మఫ్లరు గారు మీరేనాండీ? ఫోన్లో చదివామండీ. చెరువూ చూద్దాం, ఆ జరగని పెద్దాయన్నీ చూద్దాం అని బయల్దేరాం."

"నేనే అమ్మా."

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "చదివినప్పుడు ఇంకొంచెం పెద్దగా ఉంటారనుకున్నానండీ," అంది.

చార్మినార్ ఇన్నేళ్లుగా ఏం భరిస్తోందో అప్పుడు నాకు తెలిసింది.

వాళ్లందరికీ జాగ చేసేసరికి చాప అయిపోయింది. ఎండ పోయింది, నీడ కూడా పోయింది, నేను కట్ట వాలు మీది రాళ్లలోకి వచ్చాను. ఇంకెవరో దిగుతున్న చప్పుడైతే మళ్లీ లేవబోయాను. పెనం దగ్గర నుంచి గరిటె ఎత్తి ఆమె కేకేసింది.

"అన్నా, ఇగ ఆగు! గట్లనే జరుగుకుంట పోతే మేడ్చల్ల తేల్తవు!"

వరుసంతా నవ్వింది. కాసేపటికి ఆమె స్వయంగా వచ్చి నా ఒళ్లో విస్తరి పెట్టింది. అందరికీ వడ్డించగా మిగిలిన తోక ముక్క, అదీ చల్లారింది. నా పక్కన రాయి మీద ఖాళీగా ఉన్న చోటు చూసి, వచ్చేవాళ్ల కోసం అక్కడ ఇంకో విస్తరి పరిచి వెళ్లింది.